హైదరాబాదులో పొద్దు గూకింది

శారోన్ మధ్యాహ్నం షిఫ్ట్ స్కూల్ ముగించుకుని వచ్చేసరికి గల్లీలో మడమలు మునిగేంత నీళ్లు నిలిచాయి. చెప్పులు చేతిలో పట్టుకుని గోడ పక్కగా నడిచింది. రెండు వైపులా మగ్గాల షెడ్లే. పైన రేకుల మీద వాన, లోపల మగ్గాల మోత. భివండిలోని తెలుగు నేతగాళ్ల పేట ఈ పద్మనగర్‌లో పక్కన నడిచే మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే.

వరుస గదుల చాలీలో శారోన్ వాళ్ల గది పక్క గది జైనబవ్వది. తలుపు తెరిచి ఉంది. జైనబవ్వ గడప లోపలే నిలబడి ఎదురుచూస్తోంది.

"శారోన్ బిడ్డా, జర ఇటు రా" అని పిలిచింది.

జైనబవ్వ ఆ గడప దాటి నాలుగు నెలలు కావస్తోంది. రంజాన్ నెలలో ఆమె భర్త దస్తగిరి తాత చనిపోయాడు. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పైన ఇంటిపట్టునే ఉండాలి. దాన్ని ఇద్దత్ అంటారు. తాత పోయిన దుఃఖంలో జైనబవ్వకు జ్వరం వచ్చి మంచం పట్టింది. ఆ నెలలో మిగిలిన రోజాలు, అంటే ఉపవాసాలు, ఉండలేకపోయింది.

అలా తప్పిపోయిన రోజాలను తర్వాత ఉండి పూర్తి చేయాలి. ఇద్దత్ ముగిసేలోపే అన్నీ పూర్తి చేయాలని జైనబవ్వ పట్టుదల. కానీ ఒంట్లో బలం లేదు. ఒక రోజు ఉపవాసం ఉంటే తర్వాత కొన్ని రోజులు లేవలేకపోయేది.

"ఇయ్యాలది ఆఖరి రోజా బిడ్డా" అంది జైనబవ్వ. "మీ నాయిన రాత్రి షిఫ్ట్‌కు పోయిండు గద. మగ్రిబ్ ఎప్పుడో ఫోన్‌ల చూసి చెప్తవా?"

మగ్రిబ్ అంటే పొద్దు గూకగానే చేసే నమాజు. ఆ సమయం అయ్యాకే రోజా విడవాలి. మసీదు రోడ్డు మూల మీద ఉంది. అక్కడి అజాన్, అంటే నమాజు పిలుపు, మగ్గాల మోత దాటి ఈ చాలీ వరకు రాదు. జైనబవ్వకు గడియారం చూడటం రాదు. శారోన్ నాన్న యోహాను పగటి షిఫ్ట్‌లో ఉన్నప్పుడు, పని నుంచి వస్తూ అజాన్ విని వచ్చి ఆమె తలుపు తట్టేవాడు. ఈ వారం ఆయన లేడు.

"గంతేనా? ఒక్క నిమిషం అవ్వా" అంది శారోన్.

లోపలికి వెళ్లి అమ్మ ఫోన్ తెచ్చింది. ఫోన్‌లో ఏదైనా వెతకాలంటే చాలీలో అందరూ శారోన్‌నే అడుగుతారు. అది ఆమెకు చాలా ఇష్టం. 'ఈరోజు మగ్రిబ్ సమయం' అని తెలుగులో టైప్ చేసింది. పెద్ద అంకెలు కనిపించాయి.

"ఆరు యాభై నాలుగు" అంది. "ఇగో, అయిపోయింది గూడ. తినవ్వా."

జైనబవ్వ తలుపు బయటికి చూసింది. ఎదురుగా షెడ్డు గోడ. పైన నల్లటి మబ్బు. పొద్దు ఉందో పోయిందో తెలిసే దారి లేదు.

"ఇంత జల్దినా? మీ నాయిన ఇంకా లేట్‌గ చెప్తుండె గద."

"నాయిన నడిచి వచ్చేసరికి లేట్ అయితది. ఫోన్ తప్పు చెప్తదా అవ్వా?"

జైనబవ్వ పళ్లెం ముందు కూర్చుంది. చేతులు ఎత్తి మెల్లగా ఏదో చదువుకుంది. పళ్లెంలోని ఖర్జూరం తీసి నోట్లో వేసుకుంది. నీళ్లు తాగింది. తాగుతుంటే ఆమె కళ్ల నుంచి నీళ్లు కారాయి.

"అయిపోయినయి బిడ్డా. అన్నీ అయిపోయినయి" అంది.

ఇంట్లోకి రాగానే అమ్మ ఓదెమ్మ పావ్ రొట్టెలు తెమ్మని సంచి ఇచ్చింది. తనకు పొయ్యి దగ్గర పని ఉంది, ఫోన్ శారోన్ దగ్గరే ఉండిపోయింది. శారోన్ వానలోనే రోడ్డు మూలకు వెళ్లింది. భూమయ్య కిరాణా దుకాణం మసీదుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. దుకాణంలో చాలామంది ఉన్నారు. చాలాసేపు నిలబడితే గానీ ఆమె వంతు రాలేదు.

పావ్ సంచిలో వేసుకుంటుండగా మసీదు మైకులో అజాన్ మొదలైంది.

"ఇది ఏ అజాన్ మామా?" అని అడిగింది.

"మగ్రిబ్. పొద్దు గూకినంక వచ్చేది" అన్నాడు భూమయ్య, చిల్లర ఇస్తూ.

"మగ్రిబ్ ఎప్పుడో అయిపోయింది గద?"

"ఎక్కడ అయిపోయింది? ఇగో, ఇప్పుడే గద."

శారోన్ ఫోన్ తీసింది. ఇందాకటి పేజీ అలాగే ఉంది. పెద్ద అంకెల పైన చిన్న అక్షరాల్లో ఊరి పేరు ఉంది. హైదరాబాద్.

ఆ పేరును మళ్లీ చదివింది. తాను తెలుగులో అడిగింది. ఫోన్ హైదరాబాదు సమయం చూపించింది. అంకెలు చూసింది తప్ప, పైన ఊరి పేరు చూడలేదు.

జైనబవ్వ పగలు ఉండగానే తిన్నది. తెల్లవారుజాము నుంచి నీళ్లు కూడా ముట్టకుండా ఉన్న ఉపవాసం, ఇంకో అరగంట ఆగలేక కాదు, తన మాట నమ్మి విడిచింది.

చెప్పేద్దాం అనుకుంటూనే ఇంటికి వచ్చింది. జైనబవ్వ గుమ్మం ముందు ఆగింది. లోపల ఆమె ఫోన్‌లో మాలేగావ్‌లో ఉన్న కూతురితో మాట్లాడుతోంది. మగ్గాల మోతలో వినపడాలని గట్టిగా మాట్లాడుతోంది.

"పూర్తయినయి బిడ్డా. ఇయ్యాలటితోని అన్నీ పూర్తయినయి. మీ అబ్బా పోయిన నెలల తప్పినయి గద. గుండె మీద బరువు దిగినట్టుంది."

శారోన్ వెనక్కి జరిగింది. చప్పుడు చేయకుండా తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు స్కూల్లో భూగోళం పీరియడ్ అయ్యాక శారోన్ నిలేష్ సర్ దగ్గరికి వెళ్లింది. సర్‌ది కూడా పద్మనగరే. పాఠం మరాఠీలో చెప్పినా, పిల్లలు విడిగా అడిగితే తెలుగులోనే మాట్లాడతాడు.

"సర్, హైదరాబాదుల పొద్దు మనకంటే ముందు గూకుతదా?"

నిలేష్ సర్ టేబుల్ మీది గ్లోబు దగ్గరికి లాగాడు. తన ఫోన్‌లో టార్చి వేసి శారోన్ చేతికిచ్చాడు.

"కదిలించకుండ పట్టుకో. అదే సూర్యుడు."

గ్లోబును పడమర నుంచి తూర్పుకు మెల్లగా తిప్పాడు. ఒక వేలు హైదరాబాదు మీద, ఇంకో వేలు భివండి మీద పెట్టాడు. రెండు వేళ్లూ వెలుగులోనే ఉన్నాయి. గ్లోబు తిరిగే కొద్దీ చీకటి అంచు దగ్గర పడింది. ముందు హైదరాబాదు వేలు చీకట్లోకి పోయింది. భివండి వేలు ఇంకా వెలుగులోనే ఉంది.

"చూసినవా? హైదరాబాదు మనకు తూర్పు దిక్కుకు ఉంది. అక్కడ ముందు తెల్లారుతది, ముందు పొద్దు గూకుతది. ఇప్పుడు వానాకాలంల ఇరవై నిమిషాలకు పైనే తేడా ఉంటది."

"నమాజు టైములు గూడ ఇట్లనే లెక్క పెడతరా సర్?"

"ఆ. అన్నీ సూర్యుని బట్టే. ఊరు భూమి మీద ఎక్కడ ఉన్నది, ఆ రోజు తారీఖు ఏంది, ఈ రెండు తెలిస్తే చాలు. సూర్యుడు ఎప్పుడు నడినెత్తికి వస్తడో, ఎప్పుడు మునుగుతడో లెక్క కట్టొచ్చు. మునిగినంక ఎంత కిందికి దిగితే ఆకాశంల వెలుగు పోతదో గూడ లెక్క ఉంటది. మబ్బు పట్టి సూర్యుడు కనిపించకున్నా లెక్క నడుస్తది."

"అయితే ఫోన్‌ల ఉన్న లెక్క తప్పు కాదా సర్?"

"లెక్క తప్పు కాదు. ఊరు తప్పు అయితే లెక్క ఏం చేస్తది?" అన్నాడు సర్. తర్వాత ఆమె ముఖం చూసి, "ఎందుకు అడుగుతున్నవ్?" అన్నాడు.

"ఊరికెనే సర్."

టార్చి ఆర్పి ఫోన్ ఇచ్చేసి బయటికి వచ్చింది. విషయం అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా బాధగా అనిపించింది.

ఆ రోజు నుంచి శారోన్ జైనబవ్వ గుమ్మం వైపు చూడకుండా నడవడం మొదలుపెట్టింది. ఆమె పిలిచినా మగ్గాల మోతలో వినపడనట్టు పోయేది. వాన ఆగలేదు. గదుల్లో గోడలు చెమ్మ పట్టాయి. ఆరేసిన బట్టలు ఆరక వాసన వచ్చాయి.

ఒక సాయంత్రం అమ్మ గిన్నెలో జావ పోసి ఇచ్చింది.

"జైనబవ్వకు మల్ల జ్వరం వచ్చిందట. ఇచ్చిరా పో."

వెళ్లక తప్పలేదు. జైనబవ్వ మంచం మీద పడుకుని ఉంది. ముఖం ఇంకా చిక్కిపోయింది. శారోన్‌ను చూసి లేచి కూర్చోబోయింది. గోడకు ఆనుకోవడానికి శారోన్ సాయం పట్టింది.

"నాలుగు రోజులైంది నిన్ను చూసి. పరీక్షలా బిడ్డా?"

శారోన్ తల ఊపింది. అది కూడా అబద్ధమే.

జైనబవ్వ జావ కొంచెం కొంచెంగా తాగింది. తాగుతూ తాత గురించి చెప్పింది.

"ఊర్ల ఉన్నప్పుడు మీ దస్తగిరి తాత వాకిట్ల కట్టె పాతుతుండె. పొద్దు నడినెత్తి నుంచి వాలి నీడ అటు తిరిగితే జొహర్ నమాజు టైమ్ అయినట్టు. నడి మధ్యాహ్నం ఉన్న నీడ తీసేసి, నీడ కట్టెకు రెండింతలైతే అసర్. పొద్దు మునిగితే మగ్రిబ్. ఆకాశంల ఎరుపు పోయి, తెలుపు గూడ పోయి చీకటి కమ్ముకుంటే ఇషా. తెల్లవారుజామున తూర్పు అంచుకు తెల్లగ పరుచుకుంటే ఫజర్. రోజంతా పైకి చూసుకుంటనే బతికినం."

గిన్నె పక్కన పెట్టి తలుపు వైపు చూసింది.

"ఈడికొచ్చినంక నీడ యాడ ఉంది బిడ్డా? ఆయన పోయి అజాన్ విని వచ్చి చెప్పేటోడు. ఆయన పోయిండు. ఆఖరి రోజా నీ మాట మీద ఇడిసిన. దేవుడు నిన్ను సల్లగ చూడాలె."

శారోన్ గిన్నె తీసుకుని లేచింది.  గడప దాకా వచ్చి ఆగింది. మళ్లీ వెనక్కి తిరగలేదు. ఇప్పుడు చెబితే ఈ జ్వరంలోనే మళ్లీ ఉపవాసం ఉంటుంది. చెప్పకపోతేనే ఆమెకు మంచిది. అలా అనుకుంటూ ఇంటికి వచ్చింది. కానీ ఆ మాట తనకే సరిగ్గా అనిపించలేదు. ఆమె జ్వరం కంటే, తన మీద ఆమెకు పోయే నమ్మకం గురించే ఎక్కువ భయంగా ఉంది.

కొన్ని రోజులకు జ్వరం తగ్గింది. ఇద్దత్ కూడా పూర్తి కావచ్చింది. కూతురు ఆదివారం వచ్చి మాలేగావ్ తీసుకుపోతుందని అమ్మ చెప్పింది. ఇక జైనబవ్వ ఇక్కడ ఉండదు. ఆ గది వేరేవాళ్లకు పోతుంది.

శుక్రవారం జైనబవ్వ పాలు పోసి సేమియా వండింది. రోజాలు పూర్తయినందుకు చాలీలో అందరికీ పంచాలనుకుంది. ముందు శారోన్‌నే పిలిచింది. గిన్నె నిండా పోసి చేతికిచ్చింది.

"నువ్వే ముందు తినాలె. నువ్వే గద నా రోజా ఇడిపించింది."

శారోన్ చెంచా ముంచింది. నోటి దాకా తెచ్చింది. తినలేకపోయింది. గిన్నె నేల మీద పెట్టింది.

"అవ్వా, ఆ రోజు నేను తప్పు టైమ్ చెప్పిన."

"ఏంది?"

మగ్గాల మోతలో వినపడలేదేమో అనుకుని శారోన్ దగ్గరికి జరిగింది. ఈసారి ఆమె చెవి దగ్గర చెప్పింది.

"నేను చెప్పింది హైదరాబాద్ టైమ్. మనది కాదు. నేను ఊరు పేరు చూడలే. నువ్వు తిన్నప్పుడు ఇక్కడ ఇంకా పొద్దు గూకలే అవ్వా."

జైనబవ్వ తలుపు బయటి మబ్బు వైపు చూసింది. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ రోజే. పావ్ తేనీకి పోతే అక్కడ అజాన్ అయింది."

"ఆ రోజే తెలిసిందా" అని జైనబవ్వ మెల్లగా అంది. "మరి ఇన్ని దినాలు చెప్పకపోతివి?"

"నీకు పానం బాగలేకుండె. మల్ల రోజా ఉంటవని..." శారోన్ ఆగింది. అది సగమే నిజం. "నువ్వు నన్ను ఇంక నమ్మవని భయమైంది."

వాన హోరు పెరిగింది. జైనబవ్వ గరిటె గిన్నెలో పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పొద్దు గూకిందనుకోని తిన్న. దేవునికి ఎరికే. నా మీద పాపం లేదు. నువ్వు గూడ తెల్వక చెప్పినవ్. గని రోజా ఒకటి మిగిలిపోయింది బిడ్డా. అది నాది. నాది నాకు చెప్పాలె గద. ఎల్లుండి ఆదివారం నేను మాలేగావ్ పోతుంటి. నాకు తెల్వకనే పోతుంటి."

ఆమె తిట్టలేదు. తల నిమరలేదు కూడా. గోడ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి.  ఏం చేయాలో తెలియక శారోన్ ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పింది.

ఓదెమ్మ వింటూ వింటూ పిండి కలపడం ఆపేసింది.

"జ్వరం తగ్గి రెండు దినాలు కాలేదు. మల్ల ఉంటదా ఏంది ఆమె?"

"ఉంటదమ్మా. రేపే ఉంటది."

అమ్మ పక్క గదికి వెళ్లి చాలాసేపు బతిమాలింది. తర్వాత చేద్దువు, కూతురి దగ్గర చేద్దువు అంది. జైనబవ్వ వినలేదు. తాత పోయిన ఈ ఇంట్లోనే పూర్తి చేసి వెళ్తానంది.

శనివారం జైనబవ్వ తలుపు రోజంతా దగ్గరికి వేసి ఉంది. ఓదెమ్మ మధ్యమధ్యలో తొంగి చూసి వచ్చింది. మధ్యాహ్నానికి ఆమె పెదవులు ఎండిపోయాయని, మాట సన్నగా వస్తోందని చెప్పింది. శారోన్‌కు అన్నం సహించలేదు.

సాయంత్రం శారోన్ ఫోన్ తీసింది. ఈసారి భివండి అని రాసింది. ముందు ఊరి పేరు చదివింది. తారీఖు చదివింది. ఆ తర్వాతే సమయం చూసింది. చూసి కూడా జైనబవ్వ దగ్గరికి వెళ్లలేదు.

"అమ్మా, నేను మసీదు కాడికి పోతున్న" అంది.

"టైమ్ ఫోన్‌ల ఉంది గద?"

"ఉంది. అయినా విని వస్త."

భూమయ్య దుకాణం రేకు కింద చాలా ముందే వెళ్లి నిలబడింది. రేకు అంచు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. లారీలు పోతుంటే బురద నీళ్లు కాళ్ల మీద చిమ్ముతున్నాయి. ఆకాశం మధ్యాహ్నం నుంచి ఒకే రంగులో ఉంది. ఆ మబ్బుల వెనక ఎక్కడో సూర్యుడు దిగుతున్నాడు. శారోన్ పడమర వైపే చూస్తూ నిలబడింది. ఏమీ కనిపించలేదు.

ఫోన్‌లో సమయం అయింది. అజాన్ రాలేదు.

"ఏంది బిడ్డా, తడుస్తున్నవ్. ఇంటికి పో" అన్నాడు భూమయ్య.

"అజాన్ అయినంక పోత మామా."

ఇంకాస్త ఆగింది. మైకు గరగరలాడింది. అజాన్ మొదలైంది.

మొదటి మాట వినగానే పరుగెత్తాలనిపించింది. ఆగింది. అది మగ్రిబ్ అజానేనా అని భూమయ్యను అడిగింది. ఆయన అవునని తల ఊపాకే కదిలింది. గల్లీలో నీళ్లు చిమ్ముకుంటూ, గోడ పట్టుకుని జారకుండా పరుగెత్తింది.

జైనబవ్వ చాప మీద కూర్చుని ఉంది. ముందు పళ్లెంలో ఖర్జూరం, పక్కన గ్లాసు నీళ్లు. రెండింటినీ ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అయిందవ్వా" అంది శారోన్, ఆయాసపడుతూ. "ఫోన్‌ల చూసిన. మసీదు కాడికి గూడ పోయి విన్న. భూమయ్య మామను అడిగిన. మగ్రిబే."

జైనబవ్వ ఆమె ముఖంలోకి చూసింది.

"నీ చెవులతోని విన్నవా?"

"విన్న."

జైనబవ్వ చేతులు ఎత్తి చదువుకుంది. ఖర్జూరం నోట్లో పెట్టుకుంది. గ్లాసు ఎత్తబోతే చెయ్యి వణికింది. శారోన్ అడుగున చెయ్యి పెట్టి పట్టుకుంది. ఆమె నీళ్లన్నీ తాగేదాకా వదల్లేదు.

తర్వాత జైనబవ్వ గోడ పట్టుకుని లేచి నమాజుకు నిలబడింది. నిలబడలేక మధ్యలో కూర్చుని చేసింది. శారోన్ ఇంటికి వెళ్లలేదు. గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది. తడిసిన బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. చలి పుడుతోంది. లోపల చిన్నగా గుసగుస. బయట మగ్గాల మోత.

నమాజు ముగిసింది. జైనబవ్వ చాలాసేపు తల వంచుకుని కూర్చుంది. తర్వాత వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"తడిసినవ్ బిడ్డా. లోపలికి రా."